ముఖం సాగకూడదు, తల తెగకూడదు

హెచ్‌డీలో తీసిన పెళ్లినో, టీవీలో వచ్చిన మన పిల్ల కూచిపూడి నాట్యాన్నో డీవీడీ చేయించుకోవడానికి వచ్చేవాళ్లు మిక్సింగ్ చేసేవాళ్లతో మొదట చెప్పే మాట, "టీవీ నిండా రావాలండీ" అని. పైనా కిందా నల్లపట్టీలు కనిపిస్తే డబ్బు దండగైనట్టు బాధపడతారు. ఆ మాటకు తలొగ్గి వెడల్పు బొమ్మను పాత టీవీ కొలతకు నొక్కితే గుండ్రటి ముఖం కోలగా అయిపోతుంది. పక్కలు కోసి నింపితే, పీటల మీద కూర్చున్న తల్లిదండ్రుల్లో ఒకరు తెర బయటికి పోతారు. ఈ రెండు తప్పులూ చేయకుండా హెచ్‌డీ బొమ్మను డీవీడీలోకి దించడం గొప్ప పనితనం. చేసేవాళ్లకు రావలసినంత పేరు రాలేదు.

ముందు లెక్క చూద్దాం. హెచ్‌డీ ఫ్రేములో అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు ఉంటాయి. మన దేశంలో వాడే పాల్ పద్ధతి డీవీడీలో ఉండేవి 720, 576. అంటే సరిగ్గా అయిదో వంతు. నాలుగు వంతుల వివరం ఎలాగూ పోతుంది కాబట్టి, మిగిలిన ఆ ఒక్క వంతూ పూర్తిగా బొమ్మకే దక్కాలి. చాలామంది తెలియక అందులోనూ కొంత నలుపుకు ధారపోస్తారు. వెడల్పు టీవీ ఆకారమైన 16:9 బొమ్మను పాత టీవీల 4:3 చట్రంలో పెట్టి పైనా కిందా పట్టీలు వేస్తే, 576 గీతల్లో 144 ఆ పట్టీలకే పోతాయి.

డీవీడీని రూపొందించినవాళ్లు దీనికి ముందే దారి చూపారు. 16:9 బొమ్మను పక్కల నుంచి నొక్కి 720×576 నిండా నింపాలి. అలాగే చూస్తే అందరూ సన్నగా, పొడుగ్గా ఉంటారు. అయితే దాంతోపాటు "ఇది 16:9" అనే గుర్తు కూడా డిస్కులో రాస్తారు. ప్లేయరు ఆ గుర్తు చదువుకుని, వెడల్పు టీవీ అయితే బొమ్మను మళ్లీ పరుస్తుంది. పాత టీవీ అయితే తనే నల్లపట్టీలు చేర్చి చూపిస్తుంది. ఒకే డిస్కు రెండు ఇళ్లలోనూ సరిగ్గా ఆడుతుంది. దీన్ని ఎనామార్ఫిక్ పద్ధతి అంటారు. మనకిది కొత్తేమీ కాదు. 1974లో వచ్చిన తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రం 'అల్లూరి సీతారామరాజు' నాటి నుంచీ మన హాళ్లలో జరిగింది ఇదే: ఫిల్ముపై నొక్కిన బొమ్మను ప్రొజెక్టరు లెన్సు విప్పి తెరమీద పరిచేది.

ఆ గుర్తు రాయడం మరిచిపోయినా, ప్లేయరు సెట్టింగుల్లో టీవీ రకం తప్పుగా ఉన్నా శ్రమంతా వృథా. సరిచూసుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. బొమ్మలో గుండ్రటి వస్తువును వెతకండి: గోడ గడియారం, కారు చక్రం, ఎదురుగా చూస్తున్నవాళ్ల నుదుటి బొట్టు. అది గుండ్రంగా కనిపిస్తే చట్రం కుదిరినట్టే.

చిక్కు ఎక్కువగా వచ్చేది పాత కార్యక్రమాలతో. ఒకప్పటి 4:3 నాటకాన్ని ఇప్పుడు హెచ్‌డీలో వేసేటప్పుడు రెండు పక్కలా నలుపు పెడతారు. దాన్ని ఉన్నదున్నట్టుగా 16:9 డిస్కు చేస్తే, పాత టీవీలో నాలుగువైపులా నలుపు, నడిమధ్య చిన్న బొమ్మ కనబడుతుంది. అలాంటప్పుడు రెండు పక్కలా 240 పిక్సెళ్ల చొప్పున కోసేయాలి. మిగిలిన 1440×1080 అచ్చంగా 4:3. దాన్ని 720×576కు తగ్గించి, 4:3 అనే గుర్తు రాస్తే బొమ్మ నిండుగా వస్తుంది.

నలుపును కోయడానికి నేను వెనకాడను. బొమ్మను కోయడానికి మాత్రం ఒప్పుకోను. 1957లో వచ్చిన 'మాయాబజార్'ను ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ చతురస్రానికి దగ్గరగా ఉండే చట్రంలో తీశారు. 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు దాన్ని సినిమాస్కోప్ వెడల్పుకు మార్చారు. ఆ కాలపు బొమ్మను అంత వెడల్పు చేయాలంటే పైనా కిందా కోయడమో, పక్కలకు లాగడమో తప్ప మరో మార్గం లేదు. కోయడంతోనే సరిపెడితే ఎత్తులో సుమారు 40 శాతం పోతుంది. కిరీటానికి పైన ఎంత జాగా వదలాలో కెమెరా వెనకున్న మనిషి ఆలోచించి పెట్టింది. దాన్ని మార్చే హక్కు తర్వాతివాళ్లకు ఉందని నేననుకోను. మన ఇంటి పెళ్లి తీసిన కెమెరామన్‌కూ ఆ మర్యాద దక్కాలి.

చట్రం కుదిరాక కదలిక సంగతి. 1080ఐ రికార్డింగులో ఒక్కో ఫ్రేము బేసి గీతలుగా, సరి గీతలుగా రెండు భాగాలై ఉంటుంది. రెండూ వేర్వేరు క్షణాలవి. వాటిని విడదీయకుండా నిలువునా కుదిస్తే రెండు క్షణాలూ కలిసిపోతాయి. కూచిపూడి జతికి పాదం కదిలే చోట అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తాయి. సెకనుకు 50 సగాలనూ 50 పూర్తి ఫ్రేములుగా విప్పి, అప్పుడు కుదించి, మళ్లీ బేసి సరి గీతలుగా అల్లాలి. ఏ సగం ముందో తారుమారైతే బొమ్మ వణుకుతుంది. పట్టుచీర జరీ అంచులో సన్నని అడ్డగీతలు పాత టీవీలో మిలమిలలాడకుండా నిలువు పదును కాస్త తగ్గించాలి. రంగుల లెక్క హెచ్‌డీకి ఒకటి, డీవీడీకి మరొకటి. అది మార్చకపోతే కుంకుమ ఎరుపూ, ఒంటి ఛాయా తేడాగా వస్తాయి.

మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ. రెండు గంటలకు సెకనుకు సుమారు 5 మెగాబిట్లు దొరుకుతాయి. మూడు గంటల పెళ్లిని అందులోకే కుక్కితే మాటలు నడిచే చోట ఫరవాలేదు, తలంబ్రాల దగ్గర దెబ్బతింటుంది. గాల్లో వేల గింజలు ఒక్కసారిగా కదులుతుంటే డీవీడీ వాడే ఎంపెగ్-2 కుదింపు పద్ధతి తట్టుకోలేక బొమ్మను గళ్లుగళ్లుగా విరగ్గొడుతుంది. ఇంట్లోవాళ్లు పదే పదే వేసి చూసుకునే ఘట్టం అదే. రెండు డిస్కులు చేయమని అడగండి. ఖర్చు తేడా స్వల్పం.

అమెరికాలో ఉన్న అన్నయ్యకు పంపేదైతే అక్కడి ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో, 720×480లో విడిగా చేయించాలి. అక్కడి పాత ప్లేయర్లలో చాలావాటికి మన పాల్ డిస్కు ఎక్కదు. ఆ డిస్కును కూడా అసలు హెచ్‌డీ ఫైలు నుంచే చేయాలి. పాల్ డీవీడీ నుంచి చేస్తే ఒకసారి నలిగిన బొమ్మను రెండోసారి నలిపినట్టు.

ఇప్పుడు పెన్‌డ్రైవులు వచ్చాయి, ఫోన్లొచ్చాయి. అయినా రిమోట్‌లో ఒక్క మీట నొక్కితే ఆడే డిస్కే సుఖంగా ఉండే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల కోసం ఈ పని శ్రద్ధగా చేయాలి. డిస్కు చేతికి వచ్చింది కదా అని అసలు ఫైలు చెరిపేయవద్దు. ఇళ్లలో రాసే డిస్కుల్లోని రంగుపొర ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. హెచ్‌డీ ఫైలు ఒక హార్డ్‌డిస్కులో, దాని నకలు వేరే ఇంట్లో మరో హార్డ్‌డిస్కులో ఉంచితే, డీవీడీ ఎప్పుడు చెడిపోయినా మళ్లీ చేసుకోవచ్చు.