పలక అరగకముందే

వుడ్‌కట్ ప్రదర్శనకు వెళ్లిన సాహిత్యకారులు బొమ్మ చూస్తారు, శీర్షిక చదువుతారు, పక్క బొమ్మకు జరుగుతారు. అంచున పెన్సిలుతో వేసిన చిన్న అంకెను చాలామంది పట్టించుకోరు. 7/25 అని ఉంటుంది. ఆ పలక మీద తీసిన 25 ప్రతుల్లో ఇది ఏడోదని అర్థం. బొమ్మలో ఉన్నది కూలీ కావచ్చు, రైతు కావచ్చు. అది ఎవరి గోడకు చేరాలో తేల్చేది మాత్రం చాలావరకు ఆ అంకే. వస్తువు, శిల్పం అంటూ గంటల తరబడి వాదించుకునే మనం దాన్ని చూడకుండా వదిలెయ్యడం సరికాదు.

ముందు పని సంగతి. తెల్లగా రావలసిన చోటల్లా ఉలితో చెక్కను తీసేస్తారు. మిగిలిన మిట్ట మీద రోలరుతో సిరా పూసి, కాగితం పరిచి అదుముతారు. ప్రెస్సు లేకపోతే చెంచా వీపుతో రుద్దినా అచ్చు దిగుతుంది. పలక మీద కుడివైపున్నది కాగితం మీద ఎడమవైపుకు వస్తుంది. పోగుకు అడ్డంగా ఉలి నడిస్తే అంచు చిట్లుతుంది. తీసేసిన చెక్కను మళ్లీ తెచ్చుకోలేం గనుక, ఏది ఉండాలో ఏది పోవాలో చెయ్యి కదలకముందే తేల్చుకోవాలి. కవిత్వం రాసేవాళ్లకు ఈ క్రమశిక్షణ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు.

రాగిరేకు మీద సూదితో గీసే డ్రైపాయింట్‌లో గీత పక్కన లేచే సన్నటి రాగిపొర కొన్ని పదుల ప్రతులకే అణిగిపోతుంది. అక్కడ తక్కువ ప్రతులకు లోహమే కారణం. గట్టి చెక్క అలా కాదు, వందల ప్రతులిస్తుంది. 25 దగ్గర చెయ్యి ఆపించేది కలప కాదు, మార్కెట్టు. అంతటితో ఆగక, లెక్క పూర్తయ్యాక పలక మీద అడ్డంగా గాట్లు పెట్టి రద్దు చేసే ఆచారం కూడా ఉంది. ఇంకా పనిచెయ్యగల సాధనాన్ని ధర నిలబెట్టడం కోసం పాడుచెయ్యడమిది. ధర పడిపోకుండా పంటను సముద్రంలో పారబోసే తర్కానికీ దీనికీ తేడా ఏముంది?

ఇక్కడ మనవాళ్లు తొందరపడి స్టూడియో అంటేనే ప్రజలకు దూరమని తీర్పు చెప్పేస్తారు. కేతే కోల్విట్జ్ పని చూస్తే ఆ తీర్పు నిలవదు. 1919 జనవరి 15న కార్ల్ లీబ్‌నెక్ట్‌ను చంపేశారు. కుటుంబం కోరితే ఆమె శవాగారానికి వెళ్లి ఆయన ముఖం గీసింది. దాన్ని ఎచింగ్‌గా ప్రయత్నించింది, లితోగ్రాఫ్‌గా ప్రయత్నించింది, తృప్తి కలగలేదు. 1920లో బార్లాహ్ వుడ్‌కట్లు చూశాకే ఉలి పట్టింది. అడ్డంగా పడుకున్న తెల్లటి శవం, దానిమీదికి వంగిన కార్మికులు, ఛాతీ మీద ఒక మోటు చెయ్యి. ఆ నలుపు ఏడాదికి పైగా వెతుక్కుంటే దొరికిన నలుపు. సోమనాథ్ హోర్ కూడా 1946లో తెభాగా ఉద్యమాన్ని రంగపూర్ పల్లెల్లో తిరిగి స్కెచ్‌లుగా పట్టుకున్నాడు. వాటి ఆధారంగా చెక్కలు చెక్కింది తర్వాతి సంవత్సరాల్లో. పొలంలో చూసినదాన్ని బల్ల దగ్గర కూర్చుని తేల్చుకోవడం ఉద్యమానికి ద్రోహం కాదు. పిడికిలి చెక్కినంత మాత్రాన వుడ్‌కట్ ప్రజాకళ అయిపోదు కూడా.

అంకె విషయంలో మనకు దారి చూపగలిగింది ఒక రచయితే. 1931 ఫిబ్రవరిలో యువ రచయిత రౌ షీని కొమింటాంగ్ ప్రభుత్వం కాల్చి చంపింది. అతని గురించి బాహాటంగా రాసే వీల్లేని ఆ రోజుల్లో లూషున్ కోల్విట్జ్ వుడ్‌కట్ ఒకదాన్ని పత్రికలో వేయించాడు. తల్లి తన బిడ్డను చేతులెత్తి అర్పిస్తున్న బొమ్మ అది. సంతాప వ్యాసం చెయ్యాల్సిన పని బొమ్మ చేసింది. అదే ఏడాది ఆగస్టులో షాంఘైలో 13 మంది యువకులకు ఆరు రోజుల వుడ్‌కట్ తరగతి పెట్టించాడు. పాఠం చెప్పింది జపాన్ ఉపాధ్యాయుడు ఉచియామా కకిచి. పక్కన నిలబడి అనువాదం చేసింది లూషునే. 1936లో కోల్విట్జ్ బొమ్మల సంపుటి సొంత ఖర్చుతో తెచ్చాడు. వేసింది 103 ప్రతులు, చైనాలో అమ్మకానికి పెట్టింది 33 మాత్రమే. గ్యాలరీ అంకె కంటే ఇదేమంత పెద్దది కాదు. అయితే హక్కులు మావేనని రాసుకునే పుటలోనే ఆయన, ఎవరైనా దీన్ని తిరిగి అచ్చు వేస్తే వాళ్లకు అంతులేని పుణ్యమని రాయించాడు. 103 అన్నది ఆయన జేబుకున్న హద్దు. బొమ్మకు ఆయన పెట్టిన హద్దు కాదు. ఆ ఏడాదే అక్టోబరు 8న, ఊరూరా తిరుగుతూ వచ్చిన వుడ్‌కట్ ప్రదర్శనను షాంఘైలో చూడటానికి జబ్బుతోనే వెళ్లి, కుర్చీలో కూర్చుని యువ కళాకారులతో మాట్లాడాడు. ఆ నెల 19న పోయాడు. ఆ ప్రదర్శన అన్ని ఊళ్లు తిరగగలిగిందంటే, అవి చుట్టచుట్టి పంపదగిన కాగితాలు కావడం వల్లనే కదా.

చెక్క మీద చెక్కడం మనకేమీ కొత్త విద్య కాదు. మచిలీపట్నం పక్కనున్న పెడనలో టేకు అచ్చులు చెక్కేవాళ్ల ఉలి మన ప్రింట్‌మేకర్ల ఉలికి ఏమాత్రం తీసిపోదు. ఆ అచ్చు అరిగేదాకా గుడ్డ మీద పడుతూనే ఉంటుంది. దాన్ని ఎవరూ రద్దు చెయ్యరు. చెక్కినవాడి పేరు కూడా ఎక్కడా ఉండదు, అదీ అన్యాయమే.

మన సాహిత్య పత్రికలు మాత్రం తక్కువ తిన్నాయా? కథ ముగిశాక అడుగున ఖాళీ మిగిలితే, పెద్ద వుడ్‌కట్‌ను అగ్గిపెట్టెంత చేసి అక్కడ కుక్కుతాయి. ఉలి వదిలిన సన్న తెలుపులన్నీ సిరాలో పూడిపోతాయి. కళాకారుడి పేరు మరిచిపోతాయి. గ్యాలరీ బొమ్మను ఏకాకిని చేస్తే మనం దాన్ని చిల్లరగా ఖర్చుపెడతాం.

కళాకారుడు బతకాలి, అంకె వేసి సంతకం పెట్టిన ప్రతి ఆయన కూలి అన్న మాటను కాదనలేం. చేతికాగితం మీద తీసిన ఆ 25 ప్రతులూ కొనేవాళ్లు కొననీ. అదే పలక మీద అంకె లేకుండా మామూలు కాగితం మీద మరో మూడువందలు తీసి, పుస్తకం ధరకు ప్రదర్శన గుమ్మం దగ్గర పెట్టవచ్చు. అద్దం బిగించిన చట్రం పక్కన పలకను కూడా బల్ల మీద ఉంచితే, వచ్చినవాళ్లు వేళ్లతో తడిమి ఎత్తూ పల్లం తెలుసుకుంటారు. ధర పడిపోతుందని గ్యాలరీవాళ్లు అభ్యంతరం చెబుతారు. ఆ మూడువందల ప్రతులూ రచయితలూ విద్యార్థులూ కొంటామంటే ఆ అభ్యంతరానికి కళాకారుడు భయపడనక్కర్లేదు. మన సభల్లో పుస్తకాల బల్ల పక్కనే ఇంకొక బల్ల వెయ్యడానికి చోటుంది.