గ్యాస్ అయిపోదు

ఉగాది దాటిందంటే విజయవాడలో ఏసీ మెకానిక్‌ల ఫోన్లు ఆగవు. చాలామంది చెప్పేది ఒకటే: "చల్లబడటం లేదు, గ్యాస్ అయిపోయినట్టుంది." నిజానికి స్ప్లిట్ ఏసీలో గ్యాస్ అయిపోదు. బిగించిన రోజున ఎన్ని గ్రాములు ఉందో, పదేళ్ల తర్వాతా అన్ని గ్రాములే ఆ రాగి గొట్టాల్లో తిరుగుతూ ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. అసలు ఖర్చే కాని ఆ గ్యాస్ ఏం పని చేస్తోంది?

ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. గదిలో ఉన్న వేడిని మోసుకెళ్లి బయట వదిలేస్తుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ నిండుగా పనిచేస్తే గంటకు ఐదు యూనిట్లకు పైగా వేడిని గదిలోంచి తోడేస్తుంది, దానికి వాడుకునే కరెంటు మాత్రం సుమారు ఒకటిన్నర యూనిట్లు. ఈ టన్ను అనే కొలత మంచు వ్యాపారం నాటిది. 907 కిలోల మంచు ఒక రోజులో కరగడానికి ఎంత వేడి కావాలో అంత వేడిని రోజులో తీయగలిగితే అది ఒక టన్ను.

మోసే పని ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా ఆర్-32 అనే గ్యాస్ చేస్తోంది. మామూలు గాలి పీడనంలో అది సున్నాకు 52 డిగ్రీల కిందే మరిగిపోతుంది. పీడనం పెంచేకొద్దీ మరుగు స్థానం పైకి జరుగుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉండటం కూడా ఇందువల్లే. ఇండోర్ కాయిల్‌లో పీడనాన్ని 140 పీఎస్ఐ దగ్గర ఉంచితే ఆర్-32 తొమ్మిది డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా మరుగుతుంది. దాన్ని మరిగించడానికి గదిలోని 27 డిగ్రీల గాలి చాలు. మరిగేటప్పుడు ఆ గాలిలోని వేడిని లాగేసుకుంటుంది. అలా ఆవిరైనదాన్ని కంప్రెసర్ 500 పీఎస్ఐ దాకా నొక్కితే, ఇప్పుడది 55 డిగ్రీల దగ్గరే మళ్లీ ద్రవం కాగలదు. కాబట్టి రెంటచింతల మే నెల ఎండలో 45 డిగ్రీల గాలి కూడా అవుట్‌డోర్ కాయిల్‌కు చల్లగాలే. మిగతా భాగాలన్నీ ఈ రెండు పీడనాల మధ్య తేడాను నిలబెట్టడానికి, రెండు కాయిల్స్ మీదుగా గాలిని సాఫీగా నడపడానికి ఉన్నవే.

ఇండోర్ మూత ఎత్తి ఫిల్టర్లు తీస్తే పలచని అల్యూమినియం రేకులు వరసగా కనిపిస్తాయి. ఒక్కో రేకు మందం మిల్లీమీటరులో పదో వంతు, రేకుకూ రేకుకూ మధ్య సందు మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ. వాటిని గుచ్చుకుంటూ పోయే రాగి గొట్టాల లోపలి గోడలు నున్నగా ఉండవు. మెలి తిరిగిన సన్నని గాడులు చెక్కి ఉంటాయి, ద్రవం గోడ పొడవునా పరుచుకుని త్వరగా మరగాలని. రేకుల మీద కనిపించే నీలం రంగు అందానికి వేసింది కాదు. నీళ్లను పరుచుకోనిచ్చే పూత అది. తేమ చుక్కలు కట్టి సందులు మూయకుండా, పలచని పొరగా కిందికి జారి పళ్లెంలో పడుతుంది. అక్కడి నుంచి డ్రెయిన్ పైపులోకి. విశాఖపట్నంలాంటి ఉక్క ఊళ్లో ఈ పూత లేకపోతే రేకుల మధ్య నీళ్లే నిలిచిపోయి గాలికి దారి ఉండదు.

కాయిల్ వెనక ఇండోర్ పొడవునా బ్లోయర్ తిరుగుతుంది. దాని రెక్కలను దగ్గరగా చూడండి, మధ్య ఎడాలు సమానంగా ఉండవు. తయారీలో పొరపాటు కాదు, కావాలని చేసిందే. అన్ని ఎడాలూ ఒకటే అయితే ప్రతి రెక్కా ఒకే లయలో గాలిని కొట్టి సన్నని ఈల పుట్టేది. ఎడాలు మారిస్తే ఆ ఈల రకరకాల శబ్దాలుగా చెదిరి, మనకు గాలి సవ్వడిగానే వినిపిస్తుంది. మనం రాత్రంతా నిద్రపోగలుగుతున్నామంటే దీనికీ కొంత పుణ్యం దక్కాలి.

ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనానికి ద్రవం దిగే చోట పాత ఏసీల్లో ఉండేది చుట్టలు చుట్టిన సన్నని రాగి గొట్టం, కాపిలరీ. కదిలే భాగమే లేదు, పాడవడానికీ ఏమీ లేదు. మంచి ఇన్వర్టర్ ఏసీల్లో ఆ చోట చిన్న మోటారుతో మెట్లు మెట్లుగా తెరుచుకునే వాల్వు ఉంటుంది. కంప్రెసర్ వేగం మారినప్పుడల్లా దారి వెడల్పు కూడా మారుతుంది. ఆపిన వెంటనే ఆన్ చేస్తే మూడు నిమిషాలు కంప్రెసర్ కదలదు. మనం విసుక్కుంటాం గానీ, రెండు వైపులా పీడనాలు సర్దుకోవడానికి ఆ వ్యవధి కావాలి.

చలికాలంలో వేడినిచ్చే రకాల్లో ఇంకో చమత్కారం ఉంది. ఉత్తరాదిలో వీటి వాడకం ఎక్కువ. అమెరికాలో మనవాళ్ల ఇళ్లలోనూ మినీ స్ప్లిట్ పేరుతో ఉంటాయి. నాలుగు దారుల వాల్వు గ్యాస్ ప్రవాహాన్ని తిప్పేస్తే ఇండోర్ వేడెక్కుతుంది, అవుట్‌డోర్ చల్లబడుతుంది. ఆ వాల్వులోని జారుడు ముక్కను అంత పీడనానికి ఎదురు జరపాలంటే చాలా బలం కావాలి. అందుకు పెద్ద మోటారేమీ పెట్టలేదు. పక్కన బుల్లి సోలినాయిడ్ సన్నని గొట్టాల్లో దారి మార్చి ఊరుకుంటుంది, గ్యాస్ పీడనమే ముక్కను నెడుతుంది. నాకు ఏసీ మొత్తంలో బాగా నచ్చిన భాగం ఇదే.

ఇంట్లో మనం చేయగలిగింది కొంచెమే. రెండు వారాలకోసారి ఫిల్టర్ కడిగి, నీడలో ఆరబెట్టాలి. 24 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్యాన్ వేసుకోవాలి. 2020 నుంచి స్టార్ లేబుల్ ఏసీలకు 24నే మొదటి సెట్టింగుగా ఉంచాలని నిబంధన కూడా వచ్చింది. అవుట్‌డోర్ ముందు తడి బట్టలు, పాత సామాను గాలికి అడ్డం పెట్టకూడదు. నీళ్లు గోడ మీద కారుతున్నాయంటే చాలాసార్లు డ్రెయిన్ పైపులో జిగురు పట్టి ఉంటుంది, లేదా పైపు వాలు తప్పి ఉంటుంది.

మెకానిక్ చేయి ఎలాంటిదో తెలిసేది గొట్టాల దగ్గరే. ఒక పెద్దావిడ "కాస్త గ్యాస్ నింపెయ్ బాబూ, మళ్లీ చూద్దాం" అంటే, చేయి తిరిగిన కుర్రాడు ఒప్పుకోలేదు. "లీకు చూడకుండా నింపితే వచ్చే ఎండాకాలం మళ్లీ నన్నే పిలుస్తారమ్మా" అని సబ్బు నురగ కలిపాడు. అవుట్‌డోర్ నట్టు దగ్గర బుడగలు లేచాయి. గొట్టం చివర కోసేసి, నట్టును ముందే గొట్టానికి ఎక్కించాడు. మరిచిపోతే తర్వాత ఎక్కదు. గొట్టం మూతి కిందికి వంచి అంచు గీకాడు, రాగి పొడి లోపలికి పోకూడదని. ఫ్లేరింగ్ టూల్‌తో మూతిని 45 డిగ్రీలు విప్పి, పగులుందేమోనని వేలితో తడిమి, చుక్క నూనె రాసి, నట్టును ముందు చేత్తోనే తిప్పాడు. స్పానర్లు ఆ తర్వాతే, రెండు చేతులా రెండు. ఆపైన నైట్రోజన్ ఎక్కించి లీకు లేదని చూసుకుని, వ్యాక్యూమ్ పంపు పెట్టాడు. గాలిని లాగేయడం ఒక్కటే దాని పని కాదు. అంత తక్కువ పీడనంలో గొట్టాల్లోని తేమ గది వేడికే మరిగి బయటికొచ్చేస్తుంది. తేమ మిగిలితే కంప్రెసర్ నూనెతో కలిసి ఆమ్లమవుతుంది. పంపు తేకుండా కాస్త గ్యాస్ వదిలి గాలిని తోలేసేవాళ్లు ఈ సంగతి తెలియక చేస్తారో, టైము లేక చేస్తారో గానీ, తప్పు తప్పే. చివరికి సిలిండర్‌ను కాటా మీద పెట్టి, నేమ్‌ప్లేటు మీద రాసిన గ్రాముల లెక్కన ఎక్కించాడు.

ఇల్లు మారేటప్పుడు గ్యాస్‌ను గాలిలోకి వదలక్కర్లేదు. ఏసీని కూలింగ్‌లో నడుపుతూ అవుట్‌డోర్ పక్కనున్న సన్న గొట్టం వాల్వును ఎలెన్ కీతో మూసేస్తే, కంప్రెసర్ మిగిలిన గ్యాస్‌నంతా తన వైపు లాక్కుంటుంది. గేజి ముల్లు సున్నాకు దగ్గరవగానే లావు గొట్టం వాల్వు కూడా మూసి, వెంటనే ఆపేయాలి. ఆలస్యం చేసినా, ముందే నట్లు వదులు చేసినా లోపలికి గాలి దూరుతుంది. నూనెతో కలిసిన గాలిని అంత పీడనానికి నొక్కితే కంప్రెసర్ పేలిపోయే ప్రమాదం ఉంది. అందుకే పని తెలిసినవాళ్లు కంప్రెసర్ పూర్తిగా ఆగి, కరెంటు తీశాకే స్పానర్ పట్టుకుంటారు.