వెండితెర వీరనారి ఒంటరితనం

శ్రీకాకుళం జిల్లాలో నౌపడా ఉప్పుమళ్లున్న సంతబొమ్మాళి మండలంలోనే కాకరాపల్లి తంపర ఉంది. నీరు నిలిచే ఆ పల్లపు నేల చేపలు పట్టే వారికీ, పశువులు మేపుకొనే వారికీ, పొలాలు దున్నే వారికీ ఆధారం. అక్కడ బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రం వద్దని వడ్డితాండ్ర మొదలైన గ్రామాల ప్రజలు నెలల తరబడి రిలే నిరాహారదీక్షలు సాగించారు. 2011 ఫిబ్రవరి 28న పోలీసులు వారిపై కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ఆ ఉద్యమంలో స్త్రీలు మగవారి వెనుక నిలబడలేదు, ముందు వరుసలో కూర్చున్నారు. వారి చేతిలో తుపాకీ లేదు, కత్తీ లేదు. ఇటువంటి స్త్రీని తెలుగు తెర మీద వెదికితే దొరకడం కష్టం. తెలుగు సినిమాకు వీరనారులు కరువా అంటే, అదీ కాదు. మరి లోపం ఎక్కడ ఉంది?

భారతీయ చిత్రాలలో పోరాడే నాయికకు పాత చరిత్రే ఉంది. 1935లో బొంబాయి వాడియా మూవీటోన్ వారి 'హంటర్‌వాలీ'లో నాదియా కొరడా పట్టి గుర్రమెక్కింది. తెలుగులో 1970లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో వచ్చిన 'రౌడీ రాణి'లో విజయలలిత తుపాకీ పట్టింది. తరువాతి కాలంలో ఈ ధోరణికి విజయశాంతి మారుపేరైంది: 1985లో టి. కృష్ణ 'ప్రతిఘటన', 1990లో ఎ. మోహన గాంధీ 'కర్తవ్యం', 1997లో దాసరి నారాయణరావు 'ఒసేయ్ రాములమ్మా'. 'కర్తవ్యం'లో పోలీసు అధికారిణి పాత్రకు ఆమె జాతీయ ఉత్తమ నటి పురస్కారం అందుకుంది.

ఈ చిత్రాలు చేసిన మేలును కాదనడం న్యాయం కాదు. నాయిక అంటే పాటకు ఆడేది, ఆపదలో అరిచేది అన్న అలవాటును ఇవి కొంతైనా వదిలించాయి. 'కర్తవ్యం' నాయిక చట్టాన్ని కాలదన్నే మనిషి కాదు, చట్టం తరఫున నిలబడే ఉద్యోగి. కిరణ్ బేడీ 1972లో ఐ.పి.ఎస్.లో చేరిన తొలి మహిళ అయింది. ఆ తరువాత పద్దెనిమిదేళ్లకు వచ్చిన ఈ చిత్రం, ఖాకీ దుస్తులలో స్త్రీని ఊహించుకోవడం సామాన్య ప్రేక్షకునికి కూడా సులభం చేసింది.

అయినా ఒక చిక్కు మిగిలిపోయింది. 'ప్రతిఘటన' కథనే తీసుకుందాం. నడివీధిలో ఒక అధ్యాపకురాలికి ఘోరమైన అవమానం జరుగుతుంది. జనం చూస్తూ నిలబడతారు. భర్త సైతం ఆమెకు అండ కాడు. చివరకు ఆమె సభావేదిక మీద ఆ దుర్మార్గుణ్ణి గొడ్డలితో నరుకుతుంది. జనం పిరికితనాన్ని ఎత్తిచూపడం ఆ చిత్రం ఉద్దేశం. ఆ మేరకు అది నిజాయితీ గల చిత్రమే. కానీ ఆ పద్ధతి తరువాతివారికి మూసగా మారింది. చుట్టూ ఉన్నవారంతా మూగవారైతేనే నాయిక వీరురాలవుతుంది. ఒక స్త్రీని ధీరగా చూపడానికి మిగిలిన స్త్రీలందరినీ భీరువులుగా చూపవలసి వస్తున్నది. తెర మీద ఆమె తల్లి ఏడుస్తుంది, ఇరుగుపొరుగు ఆడవారు తలుపులు వేసుకుంటారు. పల్లె ప్రజలను వెంట నడిపించే 'రాములమ్మ' కొంత మినహాయింపు. అక్కడ కూడా జనం నాయకురాలి మాట కోసం ఎదురుచూసే జనమే గాని, తామై ఆలోచించే జనం కాదు.

ఇస్లామీ నీతిశాస్త్ర గ్రంథాలు చదివినవారికి ఇక్కడ ఒక పాత విభజన గుర్తుకు రాకమానదు. ఇబ్న్ మిస్కవైహ్, నసీరుద్దీన్ తూసీ వంటి పండితులు 'షుజాఅత్'ను రెండు దోషాల నడుమ ఉంచారు. ఒక వైపు 'జుబ్న్', అనగా పిరికితనం; మరొక వైపు 'తహవ్వుర్', అనగా ముందువెనుకలు చూడని దుడుకుతనం. బుద్ధికి లోబడిన కోపమే షుజాఅత్. మన చిత్రాలలో జనానిది జుబ్న్, నాయికది తహవ్వుర్. నడుమ ఉండవలసిన అసలు గుణానికే చోటు దక్కడం లేదు. ఈ మూడింటి తేడాను తెలుగులో 'ధైర్యం', 'సాహసం' అనే మాటలు పూర్తిగా పట్టి ఇవ్వవు. బహుశా అందుకే గొడ్డలి దెబ్బనూ దీక్షా శిబిరాన్నీ ఒకే మాటతో పొగిడి ఊరుకుంటున్నాం.

చరిత్రలోని స్త్రీలకు కూడా తెర మీద ఇటువంటి అన్యాయమే జరిగింది. ఒకే శతాబ్దంలో ఢిల్లీలో రజియా (1236-1240), ఓరుగల్లులో రుద్రమదేవి (1262-1289) పాలించారు. రజియా తన పేర నాణేలు ముద్రించింది, పరదా విడిచి ప్రజల ఎదుటకు వచ్చింది. సమకాలీన చరిత్రకారుడు మిన్హాజ్ ఆమెలో పాలకునికి కావలసిన గుణాలన్నీ ఉన్నాయని ఒప్పుకొని, మగవానిగా పుట్టనందున అవి అక్కరకు రాలేదని వాపోయాడు. 1983లో కమాల్ అమ్రోహీ తీసిన 'రజియా సుల్తాన్'లో హేమమాలిని ఆ పాత్ర ధరించింది. అందులో రాజ్యపాలన కంటె యాకూత్‌తో ప్రేమకథకే పెద్దపీట దక్కింది. 2015లో గుణశేఖర్ 'రుద్రమదేవి' తీశాడు. పేరు రాణిదే అయినా గోన గన్నారెడ్డి పాత్ర ఆర్భాటం ఆమెతో పోటీ పడింది. పాలించిన స్త్రీని ప్రేమికగానో యోధగానో చూపగలిగిన సినిమాకు, తీర్పు చెప్పే స్త్రీగా, పన్నుల లెక్క చూసే స్త్రీగా చూపడం చేతకాలేదు.

మళ్లీ ఉద్దానం వైపు చూస్తే, అక్కడి నేలకు స్త్రీల ధైర్యం కొత్త కాదు. 1940లో మందస జమీందారీలో అడవి హక్కుల కోసం రైతులు పోరాడుతుండగా, అరెస్టయినవారిని పోలీసులు తీసుకుపోకుండా ఊరి జనం అడ్డుకున్నారు. ఆ కాల్పులలో గుడారి రాజమణిపురానికి చెందిన సాసుమాన గున్నమ్మ నేలకొరిగింది. ఆమె పేరు నిలిచింది, ఆమెకు స్మారకమూ ఉంది. కానీ ఆమె ఒంటరిగా పోరాడలేదు. ఊరంతా ఆమె పక్కన నిలబడింది. డెబ్బయి యేండ్ల తరువాత కాకరాపల్లిలో జరిగింది కూడా అదే.

తెర వీరనారి కథ ఆఖరి దెబ్బతో ముగుస్తుంది. కాకరాపల్లి స్త్రీల కథ కాల్పులతో ముగియలేదు. గాయపడినవారికి వైద్యం, కేసులు, కోర్టు వాయిదాలు, వీటన్నిటి నడుమ పొయ్యి మీద పెట్టవలసిన గంజి, బడికి పంపవలసిన పిల్లలు. దీనిని చూపడానికి పోరాట దృశ్యాల దర్శకుడు అక్కరలేదు, ఓపిక గల దర్శకుడు కావాలి. స్త్రీ చేతికి కత్తి ఇవ్వడం సినిమాకు ఎప్పుడో అలవాటైంది. ఆమె పక్కన మరో పదిమంది స్త్రీలను నిలబెట్టడమే ఇంకా నేర్చుకోవలసి ఉంది.