తెరమీది క్రికెట్: పోటీ ఫలం ఎవరిది?

క్రికెట్ ప్రసారాలను గూర్చి పత్రికలలో సాగే చర్చ చాలవరకు వేలంపాటలో పలికిన ధరల దగ్గరే ఆగిపోతున్నది. 2023–27 ఐ.పి.ఎల్. పోటీల ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయిన సంగతి అందరికీ తెలుసు. అంత ధర పెట్టి కొన్న ఆటను తెరపై ఎంత చక్కగా చూపుతున్నారన్నది మాత్రం విచారణకు రాలేదు. నాటకాన్ని, చలనచిత్రాన్ని శ్రద్ధగా సమీక్షించే విమర్శకులు, కోట్లాది ప్రజలు గంటల తరబడి చూసే ఈ ప్రదర్శనను వదిలివేయడం వింతగానే ఉన్నది.

ఈ పోటీకి పునాది న్యాయస్థానంలో పడింది. 1993లో బెంగాల్ క్రికెట్ సంఘం హీరో కప్ పోటీల ప్రసార హక్కులను ఒక విదేశీ సంస్థకు ఇవ్వగా దూరదర్శన్‌తో రేగిన వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1995 ఫిబ్రవరిలో వెలువడిన తీర్పు గాలితరంగాలు ప్రజల ఆస్తి అనీ, వాటిపై ప్రభుత్వ గుత్తాధిపత్యం చెల్లదనీ చెప్పింది. ధర్మాసనంలో ఒకరైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి తెలుగువారు. ప్రధానమైనది వినేవారి, చూసేవారి హక్కే గాని ప్రసారకర్త హక్కు కాదని ఆయన తన ప్రత్యేక తీర్పులో స్పష్టం చేశారు. ఈ రెండవ మాటను తరువాతి కాలంలో పట్టించుకొన్నవారు అరుదు.

పోటీ వలన దృశ్యం మెరుగుపడిన మాట నిజం. ఆస్ట్రేలియాలో 1977లో కెర్రీ ప్యాకర్ బోర్డును ధిక్కరించి సొంత పోటీలు నడిపినప్పుడు ఆయన ఛానల్ నైన్ మైదానం రెండు కొసలా కెమెరాలు నిలిపింది. అంతవరకు ఓవరు విడిచి ఓవరు బ్యాట్స్‌మన్ వీపునే చూస్తూ వచ్చిన ప్రేక్షకునికి ప్రతి బంతీ బౌలరు వెనుకనుండి కనిపించసాగింది. ఇంగ్లండులో 1999లో బి.బి.సి. నుండి టెస్టుల ప్రసారాన్ని అందుకొన్న ఛానల్ ఫోర్, సైమన్ హ్యూస్ అనే మాజీ బౌలరును వ్యాఖ్యాతల గదిలో కాక వీడియో యంత్రాల మధ్య కూర్చోబెట్టి, ఆటలోని మెలకువలను విడమరచి చెప్పించింది. 2001లో హాక్ ఐ ని తెరకు తెచ్చినదీ ఆ ఛానలే. యంత్రాన్ని అలంకారానికి గాక అవగాహనకు వినియోగించిన ఉదాహరణ ఇది.

భారతదేశంలో జరిగినది కొంత భిన్నం. కెమెరాలు పెరిగాయి, చిత్రంలో స్పష్టత పెరిగింది. ఆట మాత్రం ముక్కలైంది. క్రికెట్‌లో ఆలోచన చాలవరకు ఓవరుకూ ఓవరుకూ నడుమ సాగుతుంది. స్లిప్పులలో నుండి ఒకరిని తీసి కవర్లలో నిలపడం, బౌలరుతో కెప్టెన్ మంతనం, బ్యాట్స్‌మన్ పిచ్‌ను తట్టి చూసుకోవడం, ఇవన్నీ అప్పుడే జరుగుతాయి. సరిగా ఆ సమయానికే తెర వాణిజ్య ప్రకటనకు వశమవుతుంది. తిరిగి మైదానం కనిపించేసరికి బౌలరు సగం దూరం పరుగెత్తి ఉంటాడు. ఒక్కొక్కసారి బంతి పడనే పడి ఉంటుంది. ఫీల్డరు ఎప్పుడు కదిలాడో చూడని ప్రేక్షకునికి కెప్టెన్ పన్నిన ఉచ్చు అదృష్టవశాన దొరికిన క్యాచ్‌గా తోస్తుంది. 90 ఓవర్ల టెస్టు దినంలో ఈ నష్టం ఎన్నిమార్లు జరుగుతుందో లెక్క వేసుకోవచ్చు. ఇది చాలదన్నట్లు బంతికీ బంతికీ మధ్య చిత్రాన్ని ఒక మూలకు నొక్కి, మిగిలిన చోటును కూడా సరుకులకు అద్దెకిస్తున్నారు.

వ్యాఖ్యానం సంగతి మరింత సున్నితమైనది. ఆకాశవాణి తొలినాళ్ళ వ్యాఖ్యాత ఎ.ఎఫ్.ఎస్. తల్యార్‌ఖాన్ మైక్రోఫోనును ఇంకొకరితో పంచుకోవడానికి ఇష్టపడేవారు కారట! నేడు ముగ్గురేసి మాట్లాడుతున్నా వారి అభిప్రాయాలలో భేదం కానరాదు. ప్రసారాన్ని బోర్డే నిర్మింపజేసి, వ్యాఖ్యాతలనూ తానే నియమించుకొన్నచోట అది సహజపరిణామం. అంపైర్ల నిర్ణయ సమీక్షా పద్ధతిని 2008లో తొలిసారి ప్రయోగించినది భారత్–శ్రీలంక టెస్టులలోనే అయినా, ద్వైపాక్షిక పోటీలలో మన బోర్డు 2016 దాకా దానిని చాలవరకు నిరాకరించింది. ఆ పద్ధతిని గూర్చి, జట్టు ఎంపికను గూర్చి మాట్లాడరాదన్న నిబంధన కారణంగానే 2013 ఆస్ట్రేలియా పర్యటనలో వ్యాఖ్యానానికి రానన్నట్లు ఇయాన్ చాపెల్ బహిరంగంగా చెప్పారు. ఆ రోజులలో ఎల్.బి.డబ్ల్యు. నిర్ణయం తప్పిన ప్రతిసారీ ప్రేక్షకునికి కలిగిన సందేహానికి వ్యాఖ్యానంలో సమాధానం దొరకలేదు.

2018 చివర తెలుగులో ప్రత్యేక క్రీడా ఛానల్ రావడం హర్షణీయం. ఇంగ్లీషు రాని ఇంటిలో పెద్దలు కూడా ఆటను మాటతో సహా అనుభవిస్తున్నారు. అయితే కంటికి కనిపించినదానినే రేడియోలో వలె తిరిగి చెప్పడం, ఫోరు కొట్టినప్పుడల్లా సినిమా సంభాషణ విసరడం ఈ వ్యాఖ్యానానికి అలవాటైంది. బంతి పాత పడినకొద్దీ దాని నడక ఎందుకు మారుతుందో చక్కని తెలుగులో చెప్పగల మాజీ ఆటగాళ్ళు లేకపోలేదు. వారికి చిక్కే వ్యవధి తక్కువ.

ఇంతకూ పోటీ ఎక్కడ జరుగుతున్నది? వేలంపాటలో మాత్రమే. హక్కులు ఒకరికి దక్కిన తరువాత ఆ ఆటకు మరొక ఛానల్ లేదు. నచ్చనివాడు ఆటనే వదులుకోవాలి. 2023, 2024 ఐ.పి.ఎల్. పోటీలు టెలివిజన్‌పై స్టార్‌లో, అంతర్జాలంలో జియో సినిమాలో వచ్చినప్పుడు రెండు వ్యాఖ్యానాలను పోల్చి వినే వీలు కలిగింది. ఆటకు సంబంధించిన మూలచిత్రం మాత్రం రెండింటా బోర్డు నిర్మించినదే. 2024 నవంబరులో ఆ రెండు వ్యాపారాలూ విలీనమై జియోస్టార్ కావడంతో ఆ వెసులుబాటూ పోయింది.

ప్రభుత్వం వద్ద ఒక సాధనం ఉన్నది. 2007 నాటి చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం గలవిగా ప్రకటించిన పోటీల సంకేతాన్ని హక్కుదారు ప్రకటనలు లేకుండా ప్రసార భారతికి అందించాలి. ఆ సంకేతం దూరదర్శన్ భూతల ప్రసారానికి, ఫ్రీ డిష్‌కు మాత్రమే పరిమితమని 2017లో సుప్రీంకోర్టు నిర్ణయించింది. అంటే దానిని చూసేవారిలో నెలనెలా చందా కట్టలేనివారే అధికం. కాని దూరదర్శన్ కూడా ఆ విరామాలను తన ప్రకటనలతోనే నింపుతున్నది. ప్రకటనల ఆదాయంలో హక్కుదారు వాటా 75 శాతానికి తగ్గరాదని చట్టం చెబుతున్నందున, టెస్టులలోనైనా కొన్ని విరామాలను మైదానానికే విడిచిపెడితే ప్రసార భారతి కోల్పోయేది ఆ కొద్ది ఆదాయంలో నాలుగో వంతుకు మించదు. హక్కుదారు అభ్యంతరం చెప్పకపోడు. అతనిని ఒప్పించే భారం ప్రసార భారతి వహించవలసి ఉంటుంది.