దరువు మొదటికొచ్చే చోటు

శివరాత్రికి మెదక్ దగ్గరి ఏడుపాయల జాతరలో డప్పుల మధ్య నిలబడ్డవాళ్లకు లూపింగ్ కొత్త సంగతేమీ కాదు. అదే దరువు తిరిగి తిరిగి వస్తుంది, ఊపు పెరిగితే తానూ ఉరుకుతుంది. ఒగ్గుకథలో వంతపాడేవాళ్లదీ ఇదే విద్య. ఒంటరి వాద్యకారుడికి ఆ పని ఒక పెట్టె చేసిపెట్టాలంటే మాత్రం ఎక్కడో ఒకచోట రాజీపడక తప్పదు.

1973లో సంగీతకారులు బ్రయన్ ఈనో, రాబర్ట్ ఫ్రిప్ తెచ్చిన ఆల్బమ్‌కు మూలం రెండు టేప్ రికార్డర్ల మధ్య నడిచే ఒకే టేపు. మొదటిది రికార్డు చేస్తుంది. రెండోది కాసేపయ్యాక వినిపించి, ఆ ధ్వనినే మళ్లీ మొదటిదానికి పంపుతుంది. టేపు సెకనుకు 19 సెంటీమీటర్లు నడిస్తే, రెండు మీటర్ల ఎడానికి పది సెకన్ల పైచిలుకు లూపు. ప్రతి చుట్టుకూ పాత స్వరం కొంత మసకబారేది. లోపమే, కాని కొత్త స్వరానికి జాగా ఇచ్చే లోపం.

1994 నాటి లూపింగ్ పెట్టె లెక్సికాన్ జామ్‌మ్యాన్‌లో పట్టేది 8 సెకన్లు, మెమరీ పెంచితే 32. ఇవాళ సీడీ నాణ్యత స్టీరియో ధ్వనికి నిమిషానికి పది ఎంబీ చాలు, అది చవకే. ఇప్పుడు చిక్కంతా పెడల్ తొక్కే కాలితోనే.

నిమిషానికి 120 దెబ్బల నడకలో 16 దెబ్బలకు 8 సెకన్లు. చుట్టు ముగించే తొక్కుడు సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యమైతే, ఇరవై చుట్లు తిరిగేసరికి పక్కన డోలు వాయించేవాడికీ పెట్టెకూ రెండు దెబ్బల తేడా వస్తుంది. దీనికి మందుగా కొన్ని పెట్టెలు తొక్కుడును దగ్గరి దెబ్బకు సర్దుతాయి. అప్పుడు తాళం ముందే చెప్పాలి, మెట్రోనోమ్‌కు కట్టుబడాలి. ఏడు మాత్రల మిశ్రచాపు వాయించేవాడికి ఏ సర్దుబాటూ లేని, ఒకే మీట ఉన్న పెడల్ నయమని నా అభిప్రాయం. అందులోనూ మెలిక ఉంది. ఆపడానికి రెండుసార్లు తొక్కాలంటే, ఆపుదల దెబ్బ దాటాకే పడుతుంది.

మన బ్యాండ్లలో, చర్చి ఆరాధనల్లో 'ప్యాడ్స్' అనే రోలాండ్ ఆక్టాప్యాడ్‌లది వేరే దారి. 2010లో వచ్చిన ఎస్‌పీడీ-30 లూపులో దాచేది ధ్వనిని కాదు, ఏ ప్యాడ్ మీద ఎప్పుడు ఎంత గట్టిగా కొట్టామో ఆ వరసను. అందుకే శ్రుతి చెడకుండా వేగం మార్చుకోవచ్చు. గొంతును, చేతిలోని డప్పును మాత్రం అది పట్టలేదు. ధ్వనినే పట్టే పెట్టెలో వేగం పెంచితే శ్రుతి ఎక్కుతుంది, లేదా సాగదీసే లెక్కల్లో డప్పు వాయించే సిర్ర దెబ్బ మొన మొద్దుబారుతుంది.

రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే జాతరకు నేను ప్యాడ్లే తీసుకెళ్తాను. మంట మీద కాచిన డప్పు చల్లబడేకొద్దీ తోలు వదులై నాదం దిగుతుంది. మొదట్లో రికార్డు చేసిన లూపు మాత్రం ఆ కాక మీదే మోగుతుంటుంది, గంట తర్వాత రెండూ ఒకదానికొకటి పొసగవు. ప్యాడ్లయితే డప్పులా మోగమని మొదటినుంచీ ఎవరూ అడగరు.