మడమ కింద చెయ్యి

"స్కానింగులో ఏమీ లేదంట సార్. మరి లేచి నడవదేం?" కాలు ఈడుస్తూ వచ్చిన కోడలిని బల్ల మీద కూర్చోబెట్టి అత్తగారు అడిగే ప్రశ్న ఇది. నాటకమేమోనన్న అనుమానం అందులో దాగదు. కోడలు తల దించుకుంటుంది. ఫిజియోథెరపిస్టుగా నాకు కాలి కంటే ముందు ఆ తల ఎత్తించాలనిపిస్తుంది.

ఆమెకున్న ఫంక్షనల్ మూవ్‌మెంట్ డిజార్డర్‌లో నరం తెగదు, కండరం చావదు. మెదడు కదలికను నడిపించే తీరు గాడి తప్పుతుంది. వణుకు, బలహీనత, పాదం మెలిపడటం, నడక తేడా, అన్నీ నిజమైనవే. స్కాన్ బాగుందన్నంత మాత్రాన ఈ జబ్బని తేల్చకూడదు. పరీక్షలో దాని గుర్తులు కనబడాలి, న్యూరాలజిస్టు చూసి చెప్పాలి.

అలాంటి గుర్తొకటి 1908లో అమెరికన్ వైద్యుడు హూవర్ రాసింది. పేషెంటును వెల్లకిలా పడుకోబెట్టి, బలం లేని కాలి మడమ కింద చెయ్యి పెడతాను. "అమ్మా, మడమతో నా చేతిని కిందికి నొక్కండి." ఎంత ప్రయత్నించినా నొక్కు రాదు. "సరే, దాన్ని వదిలెయ్యండి. రెండో కాలు పైకెత్తండి, నేను ఆపుతుంటాను." ఆమె పట్టుదలగా ఎత్తుతుంది. అప్పుడు ఇటు నా చెయ్యి మడమకీ బల్లకీ మధ్య నలుగుతుంది.

ఒకప్పుడు దీన్ని దొంగను పట్టుకున్నట్టు వాడారు. ఎడిన్‌బరో న్యూరాలజిస్టు జాన్ స్టోన్ లాంటివాళ్లు పేషెంటుకే చూపించమన్నారు. చికిత్సలో ఇంతకంటే పెద్ద మలుపు లేదని నా నమ్మకం. "బలం ఎక్కడికీ పోలేదమ్మా. దాని మీదే ధ్యాస పెట్టినప్పుడు అందడం లేదు, అంతే." అత్తగారిని కూడా దగ్గరికి పిలిచి చూపిస్తాను.

ఇక పనంతా ధ్యాస మళ్లించడమే. వెనక్కి నడిపిస్తాం, పక్కకి నడిపిస్తాం, పాట లయకి అడుగులు వేయిస్తాం. చెయ్యి వణికేవారిని రెండో చేత్తో తాళం వేయమంటే వణుకు ఆ తాళానికి మారుతుంది, లేదా ఆగుతుంది. మసాజులతో సరిపెడితే లాభం లేదు.

మనసులో ఏదో దాచుకుందని తవ్వడమూ తగదు. మానసిక కారణం చూపించి తీరాలన్న నిబంధనను 2013లో మానసిక జబ్బుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 తీసేసింది. దిగులుంటే దానికి వైద్యం వేరుగా చేయించాలి.

అందరూ కోలుకుంటారని మాత్రం చెప్పను. 2024లో వెలువడిన బ్రిటన్ ట్రయల్‌లో, ఏడాది తర్వాత శారీరక సామర్థ్యపు స్కోరులో ధ్యాస మళ్లించే ఈ ప్రత్యేక ఫిజియోథెరపీకీ మామూలు దానికీ తేడా తేలలేదు. కదలిక మెరుగైందని చెప్పినవాళ్లు మాత్రం ప్రత్యేక చికిత్స వైపే ఎక్కువ. బాగైనవాళ్లకీ మధ్యలో తిరగబెట్టొచ్చు, అప్పుడు మళ్లీ రమ్మంటాను.

ఇంటివాళ్లకు ఒక్కటే చెప్పి పంపుతాను: పొద్దున లేవగానే "ఇవాళ కాలెలా ఉంది?" అని అడగొద్దు. కూర ఏం చేద్దామని అడగండి, సంతకి తోడు రమ్మనండి.