నలభై దాటినవాడి కసరత్తు

పేషెంటు వయసెంత అని కౌంటర్లో అమ్మాయి తమిళంలో అడిగింది. 41 అన్నాను. రాస్తున్న చెయ్యి ఆపి, వాకర్ పట్టుకుని నిలబడ్డ మా తమ్ముణ్ని ఓసారి చూసి, "సీపీ అంటే పిల్లల విభాగంలో చూస్తారమ్మా, వాళ్లు పద్దెనిమిది దాటినవాళ్లని తీసుకోరు. పెద్దల ఫిజియోకి రాయమంటారా? అక్కడ స్ట్రోక్ వచ్చినవాళ్లూ, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లే ఉంటారు. మీకు పనికొస్తుందో లేదో" అంది. మర్యాదగానే చెప్పింది. ఆమె ముందున్న ఫారంలో రెండే గడులు, మా వాడికి సరిపడే మూడో గడి లేదు. వారమంతా ఆ లేని గడే నా మనసులో తిరుగుతోంది. ఆ చోటు పేరు రాయను. ఇంకో చోట అడిగినా దాదాపు ఇదే జవాబు వచ్చేది.

ఈ కాలమ్ మొదట్నుంచీ చదువుతున్నవాళ్లకి మా తమ్ముడు తెలుసు. పుదుచ్చేరి మిషన్ వీధిలో కాలవ మీది బండల సందుల గురించి, ఫుట్‌పాత్ మీదికి పెంచేసిన దుకాణాల మెట్ల గురించి నేను పట్టుబట్టి రాసిన ప్రతిసారీ అక్కడ ఇరుక్కున్నది వాడి వాకర్ చక్రమే. సీపీ అంటే సెరిబ్రల్ పాల్సీ. అందులో మెదడుకి దెబ్బ తగిలేది కడుపులో ఉన్నప్పుడో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తలోనో. ఆ దెబ్బ తర్వాత ముదరదు. ఒళ్లు మాత్రం పెరుగుతుంది. ఎముక ఎదిగినంత వేగంగా బిగుసుకున్న కండ సాగదు. అందుకే ఎదిగే వయసులో మోకాళ్లు వంగిపోతాయి, మడమలు నేలకి ఆనవు. ఎదుగుదల ఆగిందనుకునేసరికి అలసట, నొప్పి మొదలవుతాయి. పాతికేళ్లప్పుడు బాగానే నడిచినవాళ్లు ముప్పై అయిదుకల్లా గోడ పట్టుకోవడం, నడుం పట్టేయడం, సాయంత్రానికి కాళ్లు మాట వినకపోవడం డాక్టర్లకి కొత్త సంగతులేమీ కావు. సాయం ఎక్కువ కావలసిన వయసులోనే తలుపు మూసుకుంటోంది.

సీపీ ఉన్నవాళ్లకి వ్యాయామం ఎంతవరకు పనికొస్తుందో చూడటానికి అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నిటినీ 2017లో కొక్రేన్ సమీక్ష ఒకచోట చేర్చింది. 29 పరీక్షలు, 926 మంది. ఆ పరీక్షల్లో పెద్దవాళ్ల మీద జరిగింది ఒక్కటే. అది చదివాక కౌంటర్లో అమ్మాయి మీద కోపం మిగల్లేదు. పరిశోధకుల కాగితాల్లోనే దాదాపు లేని గడిని ఆమె ఎక్కణ్నుంచి తెస్తుంది?

పైగా ఇది కసరత్తుకి పేరుపడ్డ ఊరు. ఇదివరకూ రాశాను, మళ్లీ రాస్తున్నాను. అరవింద ఆశ్రమం చదువుతో సమానంగా ఒంటికీ చోటిచ్చింది. ఆశ్రమాన్ని నడిపిన శ్రీమాత డెబ్బై దాటాక కూడా టెన్నిస్ ఆడేవారు. ఏటా డిసెంబరు 2న స్పోర్ట్స్ గ్రౌండ్‌లో చిన్నవాళ్లూ పెద్దవాళ్లూ కలిసి విన్యాసాలు చేస్తారు. అంతకన్నా నాకు ఇష్టమైన సంగతి 1938 నాటిది. నవంబరు 23 రాత్రి గడిచి, భక్తులకి కనిపించాల్సిన దర్శనం రోజు తెల్లవారకముందే అరవిందులు తన గదిలో కాలు తట్టుకుని పడ్డారు. కుడి తొడ ఎముక విరిగింది. అప్పటికి ఆయనకి 66 ఏళ్లు. వారాల తరబడి కాలు కదపకుండా పడుకోబెట్టారు. ఎముక అతికాక అసలు పని మొదలైంది, బిగుసుకుపోయిన మోకాలిని మళ్లీ వంచడం. దగ్గరుండి సేవ చేసిన నిరోద్‌బరన్ ఎడిన్‌బరోలో చదివిన డాక్టరు. అరవిందులతో గడిపిన పన్నెండేళ్ల గురించి ఆయన రాసిన పుస్తకంలో ఇదంతా ఉంది. మోకాలు కొద్దికొద్దిగా వంగడం, ఇద్దరి మీద ఆనుకుని నడవడం, తర్వాత చేతికర్ర. ఆగిపోయిన దర్శనం 1939 ఏప్రిల్ 24న జరిగింది. భక్తులు ఆ పేజీల్లో ఏం చూస్తారో వాళ్ల ఇష్టం. నాకు మాత్రం అది ఓపిగ్గా రాసిపెట్టిన ఫిజియోథెరపీ రికార్డు. 66 ఏళ్ల మోకాలికి అంత శ్రద్ధ పెట్టిన ఊళ్లో 41 ఏళ్ల మోకాలికి చోటు లేదంటే ఒప్పుకోలేను.

మాది యానాం. తమ్ముడు నెలలు నిండకుండా పుట్టాడు. ఏడాదిన్నర వచ్చినా కూర్చోకపోతే కాకినాడలో చూపించారు, అక్కడి డాక్టరు పుదుచ్చేరిలోని జిప్‌మర్‌కి తీసుకెళ్లమన్నాడు. పాలన లెక్కలో మాదీ పుదుచ్చేరే కాబట్టి, మధ్యలో ఎనిమిది వందల కిలోమీటర్ల పైనే ఉన్నా నాన్నకి అది సొంత ఊరి ఆసుపత్రి. సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు, అక్కణ్నుంచి బస్సు. అమ్మ ఒళ్లో వాడు, నా ఒళ్లో మరచెంబు. అప్పుడు నేర్చుకున్న కసరత్తు అమ్మ వాడికి మీసాలొచ్చేదాకా మానలేదు.

పొద్దున్నే చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, గోరువెచ్చటి నువ్వుల నూనె ముందు పిక్కలకి రాసేది. తర్వాత ఒక అరచేత్తో మోకాలిని చాపకి అదిమి, రెండో అరచేతిలోకి మడమ తీసుకుని, ముంజేతితో పాదాన్ని మెల్లగా మీదికి తోసేది. కండ ముందు ఎదురు తిరుగుతుంది. దానితో పంతానికి పోయి గుంజితే ఇంకా బిగుస్తుంది. పట్టు వదలకుండా అలాగే ఆగితే కాసేపటికి చేతి కింద మెత్తబడుతుంది. ఆ మెత్తబడటం నేనూ పట్టి చూశాను, అమ్మ నా చెయ్యి అక్కడ పెట్టి చూపించేది. గడియారం చూసేది కాదు. విష్ణు సహస్రనామంలో రెండు శ్లోకాలు ఈ కాలికి, రెండు ఆ కాలికి. తొడలు కత్తెర పడకుండా మధ్యలో చుట్టిన దుప్పటి పెట్టేది. మా వీధి వడ్రంగి రెండు పలకల్ని గోడ మూలలా కలిపి కుర్చీ చేసిచ్చాడు. దానికి ముందు ఒక బల్ల, కాళ్ల మధ్య కర్రదిమ్మ. వాడు తొలిసారి రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని కూర్చుంది అందులోనే. చేతులు ఖాళీ అయ్యాయి కాబట్టి పలక పట్టుకున్నాడు, అక్షరాలు దిద్దాడు.

అంత లాగుడుకీ ఫలితం ఏమిటి? నరాల జబ్బులున్నవాళ్లకి స్ట్రెచింగ్ ఎంత మేలు చేస్తుందో కొలిచిన మరో కొక్రేన్ సమీక్షా 2017లోనే వచ్చింది. ఏడు నెలల లోపు చేస్తే కీలు కదలికలో చెప్పుకోదగ్గ తేడా రాదని తేల్చింది. అంతకు మించి చేసినవాళ్ల మీద పరీక్షలే జరగలేదట. అమ్మ కసరత్తు ఏళ్ల తరబడి సాగింది కాబట్టి ఆ కొలతలో పడదు. కుర్చీ సంగతి మాత్రం నాకు స్పష్టంగా తెలుసు. అది వాడికి చదువునిచ్చింది.

ఆ రోజుల్లో ప్రపంచమంతా ఒక మాట చెప్పేది. బిగుసుకున్న కండకి బరువు పెట్టొద్దు, బిగుతు ఇంకా పెరుగుతుంది అని. జర్మనీ వదిలి లండన్ చేరిన బెర్టా బొబాత్, ఆమె భర్త కారెల్ 1940ల నుంచి కట్టుకుంటూ వచ్చిన పద్ధతి ముందు బిగుతుని అణచడం మీదే నిలబడింది. బిగుసుకున్న కండ బలహీనమైన కండ కూడా అన్న సంగతి చాలాకాలం పక్కకి పోయింది. 1990ల్లో అమెరికాలో డయాన్ డమియానో వంటివాళ్లు సీపీ ఉన్న పిల్లల చేత బరువులు ఎత్తించి చూశారు. బలం పెరిగింది, బిగుతు పెరగలేదు. 2016లో నెదర్లాండ్స్‌కి చెందిన ఓలాఫ్ వెర్‌షూరెన్, ఆయన సహచరులు సీపీ ఉన్నవాళ్లు ఎంత వ్యాయామం చేయాలో లెక్కలు కట్టి రాశారు. బరువులు వారానికి రెండు నుంచి నాలుగు సార్లు, వరసరోజుల్లో కాకుండా. ఆయాసం వచ్చే వ్యాయామం ఒకటి రెండు సార్లతో మొదలుపెట్టి మూడుకి పెంచాలి. కూర్చున్నవాళ్లు అరగంటకో గంటకో ఒకసారి కదలాలి.

ఇప్పుడు మా ఇంటికొచ్చే ఫిజియో అమ్మాయిది నెల్లూరు, చదివింది ఇక్కడే. తమ్ముణ్ని అన్నా అంటుంది. ఆమె మొదలుపెట్టించింది కూర్చుని లేవడం. వినడానికి అంతే. తమ్ముడు స్టూలు అంచుకి జరిగి, మడమలు మోకాళ్ల కిందికి తెచ్చుకోవాలి. ఎడమ మడమ రాదు, చేత్తో తెచ్చి పెట్టుకుంటాడు. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకి వంగాలి. అక్కడ భయం వేస్తుంది, పడిపోతానని ఒళ్లు వెనక్కి లాగుతుంది. ఆ క్షణం దాటితేనే పిరుదులు లేస్తాయి. లేచేటప్పుడు మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటాయి కాబట్టి మధ్యలో చిన్న బంతి. ఇది తేలికయ్యాక స్టూలు ఎత్తు తగ్గించింది. తర్వాత వీపుకి స్కూలు బ్యాగు, అందులో రెండు కిలోల బియ్యం. పదిసార్లు లేచేసరికి బనీను తడిసిపోతుంది. ముఖంలో మాత్రం ఏదో గెలిచిన వెలుగు.

ఆ వెలుగు చూసి నా ఆలోచన బీచ్ రోడ్డు మీద పడింది. బీచ్ రోడ్డంటే గూబెర్ అవెన్యూ, అక్కడ సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడున్నర దాకా బళ్లు రావు. ఈ ఊళ్లో వాకర్‌కి అంతకన్నా మంచి నేల లేదు. రోజూ పొద్దున్నే గాంధీ విగ్రహం నుంచి నడవాలి, వారానికి కొంచెం దూరం పెంచాలి, బలం పెరిగింది కాబట్టి నడకా పెరగాలి. అమ్మ లేకపోయినా అమ్మ పట్టుదల ఇంట్లో ఉండాలి. ఈ వారం కాలమ్‌కి నేననుకున్న ముగింపు అదే. పెద్దవాళ్లకీ కసరత్తు కావాలి, రోజూ కావాలి, ఎక్కువ కావాలి.

ఇందాకటి 926 మంది సమీక్ష మళ్లీ తీస్తే ఇంకో వాక్యం అడ్డొచ్చింది. బరువులతో బలం పెరుగుతుంది గానీ దానివల్ల నడక వేగం పెరిగినట్టు, నలుగురిలో తిరగడం ఎక్కువైనట్టు కనబడలేదని. తమ్ముడికి చదివి వినిపించాను. వాడు ఆశ్చర్యపోలేదు.

"అక్కా, బీచ్ చివరిదాకా నడిస్తే ఆ రోజుకి నా పని అయిపోయినట్టే. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుంటే చేతులు వణుకుతాయి. జీఎస్టీ రిటర్నులు నువ్వు వేస్తావా?"

వాడు చెప్పింది శరీరశాస్త్రమే. వాడిలా నడిచేవాళ్లకి ఒక్కో అడుగుకీ మామూలు మనిషికి రెట్టింపు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకోవలసింది వాడే. ఫిజియో అమ్మాయి ఆ ప్రశ్నే అడిగింది, "మీకేం కావాలన్నా?" అని. ఇన్నేళ్లలో వాణ్ని ఎవరైనా అలా అడగడం నేను వినలేదు.

"రైల్లో బాత్రూముకి ఒక్కణ్నే వెళ్లి రావాలి" అన్నాడు.

మాఘమాసంలో యానాంలో మా పెదనాన్న మనవరాలి పెళ్లి. ఇన్నేళ్లూ రైలెక్కే రోజు మధ్యాహ్నం నుంచి వాడు మంచినీళ్లు తాగడు. రాత్రి ఎవరినీ లేపకూడదని. అది నాకు తెలుసు, వేడి చేస్తుందనీ, నీళ్లు తాగమనీ చెప్పేదాన్ని. దానికి కసరత్తులో మందుంటుందని మాత్రం ఆ అమ్మాయే ముందు చూసింది.

ఆస్ట్రేలియాకి చెందిన అయోనా నోవాక్, ఆమె సహచరులు 2013లోనూ, మళ్లీ 2020లోనూ సీపీ చికిత్సలన్నిటినీ జల్లెడ పట్టారు. మంచి మార్కులు పడ్డ వాటిలో ముఖ్యమైనది ఇదే. మనిషికి కావలసిన పని ఏదో తేల్చుకుని, ఆ పనినే, అది జరిగే చోటులాంటి చోట, పదేపదే చేయించడం. ఒకరు కదిలిస్తుంటే ఒళ్లప్పగించి పడుకునే పద్ధతులకి మార్కులు పడలేదు. ఇవీ ఎక్కువగా పిల్లల మీద చేసిన పరీక్షలే. అయినా మా ఇంట్లో జరుగుతున్నదానికి ఇంతకన్నా దగ్గరి మాట నాకు దొరకలేదు.

కాబట్టి కసరత్తు ఎక్కువ కావాలన్న వాక్యం నేను కొట్టేస్తున్నాను. మా తమ్ముడికి కావలసింది తక్కువ కసరత్తు, వాడు ఎంచుకున్నది. బీచ్ రోడ్డుకి ఇప్పుడు చక్రాల కుర్చీలో వెళ్తున్నాడు, గాలి కోసం, స్నేహితుల కోసం. కాళ్లలో ఉన్న శక్తి రైలు కోసం దాస్తున్నాడు. ఎదురయ్యేవాళ్లు "నడక మానేశారేం, అయ్యో" అంటున్నారు. అయ్యో అనాల్సిన పనేం లేదు. మనిషి కుర్చీలో వచ్చి గంటసేపు నవ్వుతూ మాట్లాడి వెళ్తే అది నడక ఓడిపోవడం ఎలా అవుతుంది?

ఈ ఊళ్లో పిల్లలకి చోట్లున్నాయి. చిత్రా షా 2003లో మొదలుపెట్టిన సత్య స్పెషల్ స్కూలు లాంటివి ఉన్నాయి, అవి ఇంకా పెరగాలి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాకి వయసు అడ్డు కాదు, ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇస్తుంది, థెరపీ ఖర్చులూ అందులో వస్తాయి. సీపీ ఉన్న పెద్దవాళ్ల ఇళ్లలో ఇది తీసుకోనివాళ్లుంటే తీసుకోండి. నేనడిగే గడి చిన్నది. పెద్దల ఫిజియో విభాగంలో వారానికి ఒక పూట సీపీ ఉన్నవాళ్లకి, ముందు ఏం కావాలని అడిగే మనిషి ఒకరు. వచ్చినవాళ్లందరినీ నడిపించే బాధ్యత ఆ మనిషి మీద పెట్టొద్దు.

ఇంట్లో ప్రాక్టీసు సాగుతోంది. హాల్లో సుద్దముక్కతో బోగీ బాత్రూమంత గడి గీశారు. స్టూలు ఇప్పుడు లోయర్ బెర్త్ ఎత్తుకి వచ్చింది. మడతపెట్టిన పరుపు మీద పలక వేసి ఫిజియో వాణ్ని దాని మీద నిలబెడుతోంది, రైలు ఊగినట్టు ఊగడానికి. గోడకి రాడ్డు బిగించాం. బోగీల్లో అది ఒక్కో చోట ఒక్కో పక్క ఉంటుంది కాబట్టి రెండు చేతులకీ అలవాటు చేద్దామంటుంది ఫిజియో. ముందు కుడిచెయ్యి కుదరనీ, ఎడమ సంగతి తర్వాత చూద్దామంటాడు వాడు. పెళ్లికి ఇంకా టైముంది.